మొదటిసారి గుడ్లు పొదగేసినప్పుడు: నా అనుభవం

కోడిగుడ్లు పొదగేయడం అంటే ఇరవై ఒక్క రోజులు ఓపిక పట్టడమేనని మా ఊళ్లో అడిగిన ప్రతివారూ చెప్పారు. 2025 జనవరి నుంచి ఏప్రిల్ దాకా నాకు ఎదురైనదాన్ని బట్టి చూస్తే, ఆ ఇరవై ఒక్క రోజుల్లో మనిషికి పని చాలా తక్కువ. ఖర్చూ, భయమూ, కాపలా అన్నీ పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి వచ్చిన తర్వాతే మొదలవుతాయి. కొత్తగా పొదగేయాలనుకునేవారికి పనికివస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా పొందూరు మండలంలో ఒక చిన్న ఊరు. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతో కోళ్ల పెంపకం మానుకున్నాక పెరట్లో గూడు చాలా ఏళ్లు ఖాళీగానే ఉంది. 2024 దసరా వెళ్లాక నేను ఒక నాటుపెట్టను ఆరు వందల రూపాయలకు కొని తెచ్చాను. గుడ్ల కోసమే కొన్నాను తప్ప పిల్లల ఆలోచన నాకు లేదు. సంక్రాంతి రోజుల్లో అది పెట్టిన గుడ్లు పెట్టినట్టే వంటింట్లోకి చేరాయి. కనుమ నాడు వీధిలో కోళ్లన్నీ పలచబడినా, గుడ్లు పెడుతున్నదన్న ఒక్క కారణంతో మా ఎర్రపెట్ట బతికి బయటపడింది.

జనవరి 25 ప్రాంతంలో దాని వాలకం మారింది. గుడ్డు పెట్టి కేకలు వేసుకుంటూ దిగిపోయే పెట్ట, పశువుల సాలలో గడ్డివాము పక్కన ఉన్న పాత బుట్టలోనే కదలకుండా కూర్చోవడం మొదలుపెట్టింది. చెయ్యి దగ్గరికి తీసుకువెళితే ఈకలు నిక్కబొడుచుకుని, గొంతులో ఒక రకమైన కొరకొర శబ్దం చేస్తూ పొడిచేది. రాత్రి గూటికి రాలేదు. జబ్బు చేసిందేమోనని నేను కంగారుపడుతుంటే అత్తగారు గుమ్మం దగ్గర నుంచే చూసి, "ఓలమ్మ, దానికి జబ్బేటి, పొదుగుకొచ్చేసినాది. ఇంక గుడ్లెట్టదు" అన్నారు. పొట్ట కింద చూస్తే రొమ్ము దగ్గర ఈకలు రాలి, ఎర్రటి చర్మం బయటపడి ఉంది. ఆ వట్టి చర్మం గుడ్లకు నేరుగా తగిలి వేడినిస్తుందని, ఈకలు అడ్డం ఉంటే వేడి సరిగా అందదని తర్వాత పశువైద్యుడు చెప్పారు.

పొదుగుకు వచ్చిన, అంటే గుడ్ల మీద కూర్చుని పొదగడానికి సిద్ధమైన పెట్ట కింద గుడ్లు పెట్టకపోతే అది ఖాళీ బుట్టలోనే వారాల తరబడి కూర్చుని చిక్కిపోతుందట. కాబట్టి పొదగేయడమా, పొదుగు విడిపించడమా అన్నది వెంటనే తేల్చుకోవాలి. మా మరిది చిన్న ఇంక్యుబేటరు కొనమని సలహా ఇచ్చాడు. రోజూ గంటో రెండు గంటలో కరెంటు పోయే మా ఊళ్లో, 37.5 డిగ్రీల వేడి తప్పకుండా చూసుకుంటూ, పూటపూటకూ గుడ్లు తిప్పుతూ కూర్చునే ఉద్యోగం నాకు వద్దనిపించింది. ఆ పని చేయడానికే సిద్ధపడి ఒక ప్రాణి బుట్టలో కూర్చుని ఉండగా యంత్రం దేనికి?

గుడ్ల దగ్గర చిక్కు వచ్చింది. మాకు పుంజు లేదు. పుంజు తొక్కని పెట్ట గుడ్డు పెడుతుంది కానీ అందులో పిల్ల రాదు. దుకాణాల్లో దొరికే ఫారం గుడ్లు ఎన్ని రోజులు పొదగేసినా మురిగిపోవడమే తప్ప పిల్లలు కాకపోవడానికి కారణమిదే. వీధిలో తిరిగే పుంజులు మా పెరట్లోకి వస్తూనే ఉంటాయి కాబట్టి మా పెట్ట గుడ్లలో కొన్నింటికైనా జీవం ఉంటుందని ఆశ. చివరగా పెట్టిన అయిదు గుడ్లు వంటింట్లో మిగిలి ఉన్నాయి. అదృష్టవశాత్తు వాటిని ఫ్రిజ్‌లో పెట్టలేదు. వీధి చివర మామ్మ ఇంట్లో బలమైన పుంజు ఉంది. అక్కడ ఆ వారంలో పెట్టిన గుడ్లు ఆరు, ఒక్కొక్కటి పదిహేను రూపాయల చొప్పున తీసుకున్నాను. మొత్తం పదకొండు. బేసి సంఖ్యలోనే పెట్టాలని మామ్మ పట్టు. పెట్ట తన ఒంటితో పదీ పన్నెండు గుడ్లకు మించి కప్పుకోలేదు కాబట్టి ఆ లెక్క నాకూ సరిపోయింది. గుడ్లను కడగవద్దని మామ్మ గట్టిగా చెప్పారు. పెంకు మీద ఉండే సన్నటి పొర పోతే లోపలికి క్రిములు చేరతాయి కనుక ఆ మాట నిజమే.

అప్పటికప్పుడు పొదగేద్దామంటే అత్తగారు ఒప్పుకోలేదు. జనవరి 29న అమావాస్య. అది వెళ్లేదాకా ఆగమన్నారు. గుడ్డు పెట్టిన వారం లోపు పొదగేస్తే మంచిదని, పది రోజులు దాటితే జీవం తగ్గిపోతుందని విని ఉన్నాను కాబట్టి నాలో నేను గొణుక్కున్నాను కానీ, ఇంట్లో కోళ్ల విషయంలో ఆవిడ మాట దాటడం నావల్ల కాలేదు. ఈలోగా పెట్ట పొదుగు విడిచిపెట్టకుండా బొగ్గుతో గుర్తుపెట్టిన రెండు పాత గుడ్లను దాని కింద ఉంచాం. పొదగేయాల్సిన వాటిని సన్న మొన కిందికి ఉండేలా, ఇసుక పోసిన మూకుడులో చల్లటి మూల పెట్టి, ఉదయం సాయంత్రం కాస్త పక్కకు వాల్చేదాన్ని.

గురువారం, జనవరి 30 రాత్రి పొదగేశాం. పశువులు తిరిగే చోటు క్షేమం కాదని వెనక వసారాలోకి బుట్ట మార్చాం. అడుగున రెండు అంగుళాల ఇసుక, దాని మీద కొద్దిగా బూడిద, పైన మెత్తటి వరిగడ్డి, పేలు పట్టకుండా గడ్డిలో వావిలాకు, వేపాకు వేశాం. ఉరుములకు గుడ్లు చెడిపోకుండా అత్తగారు ఒక ఇనపమేకు, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ కూడా గడ్డి కిందికి తోశారు. మాఘమాసంలో ఉరుములేమిటని నేను నవ్వినా ఆవిడ పట్టించుకోలేదు. చీకట్లో పెట్టను రెండు చేతులా ఎత్తి తెచ్చి గుడ్ల మీద దించితే అది ఒక్కొక్క గుడ్డునూ ముక్కుతో లోపలికి లాక్కుని సర్దుకుంది. తెల్లవారేసరికి మాత్రం పాత చోటుకే పారిపోయింది. మళ్లీ తెచ్చి, ఆ రోజంతా గంప మూసి ఉంచాక గానీ కొత్త చోటు దానికి కుదరలేదు. మధ్యలో చల్లబడిన ఆ కొద్దిసేపటికి గుడ్లకేమీ కాదని మామ్మ ధైర్యం చెప్పారు. పెట్ట స్థిరంగా కూర్చున్నప్పటి నుంచే రోజులు లెక్కపెట్టాలన్నది ఆవిడ చెప్పిన రెండో మాట. అందుకే ఇరవై ఒకటో రోజు ఫిబ్రవరి 20 గానీ 21 గానీ అవుతుందని కాలెండరులో రెండు తేదీల చుట్టూ గీసుకున్నాను.

మొదటి వారంలో నాకున్న పనల్లా రోజుకొకసారి అది దిగేటప్పుడు నూకలు, చోళ్లు (రాగులు), నీళ్లు సిద్ధంగా ఉంచడం. రోజుకు ఒక్కసారే, పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు దిగేది. ఆ కాస్త వ్యవధిలో తిని, తాగి, బూడిదగుంటలో పొర్లి, రోజంతా దాచుకున్న రెట్టను ఒకేసారి వేసి తిరిగి ఎక్కేసేది. ఆ రెట్ట దుర్వాసన గురించి నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు. వసారాలో అన్నం తినడం మానుకున్నాం. ఫిబ్రవరి 4న రథసప్తమికి ఇంటిల్లిపాదీ అరసవల్లి వెళ్లాం. ముందురోజు రాత్రి బయలుదేరి, దర్శనం వరుసలో నిలబడి, మర్నాడు మధ్యాహ్నానికి తిరిగివచ్చేదాకా నా మనసు గుడ్ల మీదే ఉంది. వచ్చి చూస్తే గింజలు తగ్గి ఉన్నాయి, వసారా మూల రెట్ట ఉంది, పెట్ట యథాప్రకారం బుట్టలో ఉంది.

ఏడో రాత్రి గుడ్లను వెలుతురులో చూడాలి. చెప్పుల పెట్టెకు గుడ్డు ఆనేంత రంధ్రం చేసి, లోపల ఫోను టార్చి వెలిగించి, గదిలో దీపాలన్నీ ఆర్పి ఒక్కొక్క గుడ్డునూ రంధ్రం మీద నిలబెట్టి చూశాం. జీవం ఉన్న గుడ్డులో మధ్య ఒక చుక్క, దాని నుంచి సాలెగూడులా ఎర్రటి నరాలు కనిపిస్తాయి. మొదటిసారి ఆ చుక్క కదలడం చూసినప్పుడు నా చేతులు వణికి, గుడ్డు జారిపోతుందేమోనని అత్తగారికి ఇచ్చేశాను. ఏ గుడ్డు ఎవరిదో పెన్సిలుతో ముందే గుర్తుపెట్టుకున్నాను కాబట్టి ఒక సంగతి తేలింది: మామ్మ ఇంటి గుడ్లు ఆరింటిలోనూ నరాలు ఉన్నాయి. మా పెట్టవి అయిదింటిలో రెండు గాజులా ఖాళీగా ఉన్నాయి, ఒకదానిలో నరాలు చెదిరి రక్తం ఉంగరంలా చుట్టుకుని ఉంది, అంటే మొదలైన ప్రాణం ఆగిపోయిందన్నమాట. ఈ మూడింటినీ తీసి దూరంగా పాతిపెట్టాం. అలాంటివి బుట్టలో ఉంచితే మురిగి పగిలి, తక్కినవాటిని కూడా పాడుచేస్తాయి. పుంజు ఇంట్లో లేనప్పుడు సొంత గుడ్ల మీద మమకారం పెట్టుకోకుండా, పుంజు ఉన్న ఇంటి నుంచే అన్నీ తెచ్చుకోవడం మేలని ఇప్పుడు అడిగినవాళ్లకు చెబుతున్నాను.

మిగిలిన ఎనిమిది గుడ్లతో రెండో వారంలో ఉండగా పిడుగులాంటి వార్త వచ్చింది. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కోళ్లకు బర్డ్‌ఫ్లూ సోకినట్టు పరీక్షల్లో నిర్ధారణ అయిందని ఫిబ్రవరి రెండో వారంలో పత్రికలన్నీ రాశాయి. ఆ జిల్లాలకు మేము చాలా దూరంలో ఉన్నా, మా వైపు కూడా చికెన్ కొనేవారు తగ్గిపోయారు. "ఈ టైంలో కోడిపిల్లలేటి వదినా, ఆ గుడ్లు తీసిపారేయండి" అని మరిది రెండు పూటలా పోరాడాడు. లోపల ప్రాణం కొట్టుకుంటున్న గుడ్లను కళ్లారా చూశాక పారేయడానికి నాకు మనసు రాలేదు. పశువైద్యుడిని అడిగితే భయపడి పారేయనక్కరలేదని, కాకపోతే కొన్ని జాగ్రత్తలు తప్పవని అన్నారు. ఆ నెలంతా సంత నుంచి కోడిని తేలేదు. సైకిలుకు గంపలు కట్టుకుని కోళ్లు కొనడానికి వచ్చే వ్యాపారిని గుమ్మం దాటనివ్వలేదు. బయట తిరిగిన చెప్పులతో వసారాలోకి ఎవరూ రాకూడదని కట్టడి చేశాం. కాకులు వాలకుండా గింజలను పెట్ట తిన్న వెంటనే ఎత్తేశాం. వ్యాధి మా ఊరి దాకా రాలేదు కానీ, రోజూ పొద్దున్న లేవగానే పెట్ట తల నిలబెట్టి ఉందా, వాల్చేసిందా అని చూసుకునే అలవాటు నాకు చాలాకాలం పోలేదు.

పద్దెనిమిదో రోజు నుంచి గుడ్లను ముట్టుకోవద్దన్నారు. పిల్ల లోపల తిరిగి, తలను గుడ్డు వెడల్పు వైపున్న గాలి గది దిక్కుకు పెట్టుకునే సమయమట అది. పెట్ట కూడా అప్పుడు దాదాపు దిగడం మానేసింది. ఫిబ్రవరి 19 సాయంత్రం బుట్ట దగ్గర చెవి పెడితే పెంకు లోపల నుంచే సన్నటి కీచుకీచు వినిపించింది. పెట్ట దానికి గొంతు తగ్గించి బదులు పలుకుతోంది. మర్నాడు తెల్లవారుజామున ఒక గుడ్డు మీద బియ్యపుగింజంత పగులు కనిపించింది.

ఆ పగులుతో పాటే ఎర్రచీమలు వచ్చాయి. పగిలిన పెంకులోని తడి వాసనకు వసారా గోడ వెంబడి బారు కట్టి బుట్ట వైపు నడుస్తున్నాయి. పెంకులో ఇరుక్కున్న పిల్లను చీమలు పట్టాయంటే బతకనివ్వవు. మందు చల్లితే పిల్లలకే ముప్పు. నాలుగు ఇటుకలను నీళ్లు పోసిన పళ్లేలలో నిలబెట్టి, పెట్ట ముక్కుపోట్లు తింటూనే బుట్టను ఎత్తి వాటిమీద పెట్టాం. పొదగేసే రోజునే ఈ ఏర్పాటు చేసుకుంటే చివరి రోజున గుడ్లను కదిలించే అవసరం రాదు.

పగులు పడ్డాక పిల్ల గబగబా బయటికి వచ్చేస్తుందనుకున్నాను. మొదటి పిల్ల ఆ గింజంత రంధ్రం దగ్గరే పొద్దంతా ఆగిపోయింది. మధ్యాహ్నానికి నాకు ఓపిక నశించి గోటితో కాస్త పెంకు తీద్దామంటే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "సెయ్యెట్టకు. నెత్తురు కారతాది. దాని బలం దానికి రావాల" అన్నారు. పెంకు లోపలి పొరలోని రక్తనాళాలు ఎండి, మిగిలిన పచ్చసొన పూర్తిగా పిల్ల కడుపులోకి చేరడానికి ఆ సమయం కావాలి. ముందే లాగితే రక్తం పోయి చనిపోతుంది. సూర్యాస్తమయానికి అది పెంకును చుట్టూ కోసుకుంటూ వచ్చి, ఒక్క తన్నుతో బయటపడింది. తడిసి ముద్దయి, మెడ నిలబడక, చూడడానికి అంత అందంగా ఏమీ లేదు. రెండు మూడు గంటల్లో ఆరిపోయి పెట్ట రెక్క కింద నుంచి తల బయటపెట్టినప్పుడు గానీ మా పిల్లలు నమ్మలేదు అది కోడిపిల్లేనని. రాత్రికి నాలుగు, మర్నాడు ఉదయానికి ఏడు అయ్యాయి. ఎనిమిదో గుడ్డు కోసం ఇరవై మూడో తేదీ దాకా చూసి, విప్పితే పూర్తిగా పెరిగిన పిల్ల లోపలే చనిపోయి ఉంది. దాని ముక్కు గాలి గది వైపు కాక కాళ్ల దిక్కుకు తిరిగి ఉంది.

పెట్ట ఫిబ్రవరి 22 ఉదయం వరకూ బుట్ట దిగలేదు. పిల్లలు రెండు రోజులుగా ఏమీ తినలేదని నేను కుదురుగా ఉండలేకపోయాను. కానీ కడుపులో చేరిన పచ్చసొనతో అవి రెండు మూడు రోజులు తిండి, నీరు లేకుండా ఉండగలవు. ఫారాల వాళ్లు ఒక్కరోజు పిల్లలను అట్టపెట్టెల్లో దూరప్రాంతాలకు పంపగలిగేది అందువల్లే. దిగిన తర్వాత చోళ్లు చల్లితే పెట్ట ఒక గింజను ముక్కుతో ఎత్తి, కిందపడేసి, పిలిచి పిలిచి చూపించింది. పూట గడవకముందే పిల్లలన్నీ ఏరుకోవడం నేర్చాయి. నీళ్ల మూకుడులో గులకరాళ్లు వేసి, మధ్య సందుల్లో మాత్రమే నీరు నిలిచేలా చేశాం, లేకపోతే పిల్లలు అందులో పడి తడిసి చలికి చనిపోతాయి. పిల్లల దాణా దుకాణంలో యాభై కిలోల బస్తాగా అమ్ముతారని తెలిసి నీరసం వచ్చింది. బతిమాలితే విడిగా అయిదు కిలోలు, కిలో నలభై అయిదు చొప్పున ఇచ్చారు. దానికి తోడు మామ్మ చెప్పిన చెదల ఉపాయం బాగా పనిచేసింది. పాత కుండలో పేడ, తడిపిన గోనెసంచి ముక్క కూరి, చెదపుట్ట దగ్గర బోర్లించి మర్నాడు ఎత్తితే లోపల చెదలు నిండి ఉంటాయి. వాటిని పిల్లల ముందు దులిపితే క్షణాల్లో ఖాళీ.

కొక్కెర తెగులుకు (రానికెట్ అనే కోళ్ల వైరస్ వ్యాధికి) టీకా మొదటి వారంలోనే కంట్లో చుక్క వేయాలి. ఫిబ్రవరి 26 శివరాత్రి సెలవు కావడంతో 27న శ్రీకాకుళం వెళ్లాను. అక్కడ తెలిసింది, అతి చిన్న సీసాలో కూడా వంద పిల్లలకు సరిపడే మందు ఉంటుందని, కలిపాక రెండు గంటల్లోపే వాడేయాలని. ఏడు పిల్లలకు ఒక సీసా! టీ ఫ్లాస్కులో ఐసుముక్కలు వేసి, అందులో సీసా పెట్టుకుని బస్సులో ఊరికి తెచ్చి, వీధిలో చిన్న కోడిపిల్లలున్న ఇళ్లన్నింటికీ కబురు పంపాను. సాయంత్రం మా అరుగు మీద వీధిలోని కోడిపిల్లలన్నింటికీ చుక్కలు పడ్డాయి. ఇంటికింత అని పోగుచేస్తే నా వంతు ఖర్చు బస్సు చార్జీలకన్నా తక్కువయింది. ముందే నలుగురినీ కలుపుకుని ఒకే వారంలో పొదగేసుకుంటే ఇది ఇంకా తేలికవుతుంది.

కాకుల సంగతి మాత్రం ఎవరు ఎంత చెప్పినా నాకు తలకెక్కలేదనే చెప్పాలి, ఎందుకంటే వాటి వేగం చూస్తే తప్ప నమ్మలేం. మార్చి మొదటి వారంలో పెట్ట పిల్లలతో పెరట్లోకి దిగగానే ఒక కాకి ఎదురుగా వచ్చి పెట్టను రెచ్చగొట్టింది; అది తరుముకుంటూ వెళ్లగానే వెనక నుంచి రెండో కాకి పిల్లను ఎత్తుకుపోయింది. మూడు రోజుల తర్వాత ఇంకొకటి అలాగే పోయింది. పిల్లలను రాణీ రంగు నీళ్లలో ముంచితే కాకులు బెదురుతాయని మామ్మ చెబితే అదీ చేశాం. గులాబీ పిల్లలు రెండు రోజులు వీధికి వినోదమయ్యాయి కానీ కాకులు బెదరలేదు. చివరికి సముద్రపు ఒడ్డున ఉన్న మా బంధువుల ద్వారా పాత చేపల వల మూడు వందలకు తెప్పించి, పెరట్లో ఒక మూలన వెదుళ్లు పాతి దాని మీద పరిచాం. ఆ తర్వాత ఒక్క పిల్లా పోలేదు. రాత్రిళ్లు ముంగిస భయానికి గంప మీద తిరగలిరాయి పెట్టేవాళ్లం.

ఏప్రిల్ మధ్యకు వచ్చేసరికి పెట్ట పిల్లలను పొడిచి దూరం తోలడం మొదలుపెట్టింది, అయిదూ వాటంతట అవే దండెం ఎక్కి పడుకున్నాయి. అప్పటికి రెండో టీకా, కోళ్ల మశూచి టీకా కూడా వేయించాం. మూడు పుంజులు, రెండు పెట్టలు అని జుట్టుల ఎరుపు బట్టి అత్తగారు తేల్చారు. గుడ్లు, దాణా, వల, టీకాలు, రానుపోను చార్జీలు అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే అయింది. అందులో గుడ్లకు పెట్టింది తొంభై రూపాయలే.

ఎర్రపెట్ట కొన్నాళ్లకు మళ్లీ గుడ్లకు వచ్చి, మే నెలాఖరులో మళ్లీ పొదుగు పట్టింది. రోహిణి కార్తెలో పొదగేస్తే గుడ్లు ఉడికిపోతాయని అత్తగారు వద్దన్నారు, వల కింద చోటు కూడా ఎదిగిన పిల్లలకే సరిపోవడం లేదు. అడుగున గాలి ఆడేలా వెదురు పలకల మీద గంప బోర్లించి, మూడు రోజులు అందులో ఉంచి, గింజలూ నీళ్లూ అక్కడే పెట్టాం. నాలుగో రోజు వదిలితే బుట్ట వైపు చూడకుండా పెరట్లోకి వెళ్లిపోయింది. దసరా తర్వాత పొదుగుకు వస్తే మామ్మ ఇంటి గుడ్లే పదకొండూ పెట్టాలని ఆవిడతో ఇప్పుడే మాట తీసుకున్నాను.